రేటింగ్ సర్వేలో అందరూ 5కి 5 ఇస్తున్నారా? మొహమాటం తగ్గేలా స్కేలు తయారుచేసే పద్ధతి

"సర్వే చేశాం. దాదాపు అందరూ 4, 5 పెట్టారు. బయట కదిలిస్తే మాత్రం ఫిర్యాదులే. ఏది నమ్మాలి?" నన్ను ఎక్కువమంది అడిగే ప్రశ్న ఇది. అడిగేవాళ్లలో స్వచ్ఛంద సంస్థల వాళ్లున్నారు, స్కూలు నడిపేవాళ్లున్నారు, అపార్ట్‌మెంట్ సంఘం కార్యదర్శులున్నారు. పెళ్లిళ్లకు కేటరింగ్ చేసే ఒకాయన కూడా అడిగాడు.

జవాబిచ్చినవాళ్లు అబద్ధం చెప్పారని అనుకోకండి. భోజనం పెట్టి, వడ్డించిన గరిటె చేతిలో పట్టుకుని "కూర ఎలా ఉందండీ" అంటే ఉప్పెక్కువైందని ఎవరంటారు? మన సర్వే ప్రశ్నలు చాలావరకు ఆ కూర ప్రశ్నలాగే వినిపిస్తాయి. మొహమాటస్తుడు కూడా ఇబ్బంది పడకుండా "బాగోలేదు" అనగలిగేలా ప్రశ్ననూ, స్కేల్లోని మెట్లనూ (ఎంచుకోమని వరసగా ఇచ్చే జవాబులనూ), అడిగే తీరునూ అమర్చుకోవాలి. ఆ పని ఏ వరసలో చేయాలో కింద రాశాను.

ఉదాహరణగా ఒకే సర్వేను తీసుకుంటాను: ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి ఓపీకి వచ్చిన రోగులను అడిగేది. మీది స్కూలైనా, శిక్షణ తరగతైనా, గూగుల్ ఫారం అయినా పద్ధతి మారదు.

1. కాగితం ముట్టుకోకముందు

ప్రతి ప్రశ్న పక్కన ఒక వాక్యం రాయండి: "దీనికి 2 వస్తే ఏం చేస్తాం? 4 వస్తే ఏం చేస్తాం?" రెండింటికీ చేసే పని ఒకటే అయితే ఆ ప్రశ్న కొట్టేయండి. ఈ ఒక్క వడపోతతో ముప్పై ప్రశ్నలు పన్నెండుకో పదికో దిగుతాయి.

పొడవు తగ్గించడం కూడా పక్షపాతం, అంటే జవాబులు నిజం నుంచి ఒక పక్కకు ఒరగడం, తగ్గించడమే. పద్దెనిమిదో ప్రశ్న దగ్గరికొచ్చేసరికి మనిషి ఆలోచించడం మానేసి టిక్కులు కొట్టుకుంటూ పోతాడు. ఓపీ చీటీ చేతిలో పట్టుకుని బస్సు టైము చూసుకుంటున్న మనిషి దగ్గర మీకు ఐదారు నిమిషాల కంటే ఎక్కువ ఉండదు.

ముందుగా తేల్చుకోవాల్సినవి:

☐ ఈ సర్వే ఫలితం ఎవరి చేతికి వెళ్తుంది, వాళ్లు ఏం మార్చగలరు
☐ జవాబిచ్చేవాళ్లలో చదవలేనివాళ్లు ఎంతమంది ఉండొచ్చు
☐ చదివి వినిపిస్తామా, వాళ్లే నింపుతారా, ఫోన్లో అడుగుతామా
☐ పోయినేడాది సర్వేతో పోల్చాలా (పోల్చాలంటే పాత మెట్లు మార్చకూడదు)

2. ఎవరు అడుగుతారు, ఎక్కడ అడుగుతారు

స్కేలు ఎంత చక్కగా రాసినా ఇక్కడ తప్పితే అంతా పోతుంది. నేనే ఒకసారి ఈ తప్పు చేశాను. ఒక ఊళ్లో సర్వే సులువవుతుందని, అక్కడి ఆరోగ్య కార్యకర్తనే ప్రశ్నలు అడగమన్నాను. ఆమెకు ఇల్లిల్లూ తెలుసు, అందరూ ఆమెను అక్కా అంటారు. వచ్చిన కాగితాలు చూస్తే నిలువునా 5లే. రేపు జ్వరమొస్తే మళ్లీ ఆ అక్క దగ్గరికే కదా వెళ్లాలి! ఆ కట్ట మొత్తం పక్కన పెట్టి, పొరుగు మండలం నుంచి ఇద్దరు అమ్మాయిలను పిలిపించి మళ్లీ మొదలుపెట్టాం.

సేవ చేసినవాళ్లు రేటింగ్ అడగకూడదు. డెలివరీ అబ్బాయి గుమ్మంలో నిలబడి "సార్, 5 స్టార్ ఇవ్వండి" అంటే మనం ఏం చేస్తామో మనకు తెలిసిందే.

చోటు కూడా ముఖ్యమే. ఆసుపత్రి వరండాలో నర్సు వినేలా అడగకండి. గేటు బయట చెట్టు కిందో, మర్నాడు ఇంటి దగ్గరో అడగండి. ఇంటి దగ్గరైతే ఇంకో చిక్కుంది. కోడలిని అడుగుతుంటే అత్తగారు పక్కన కూర్చుంటుంది, కోడలి బదులు ఆమే జవాబు చెబుతుంది. "మీతో కూడా మాట్లాడతానండి, ముందు ఈమెతో రెండు నిమిషాలు" అని మర్యాదగా విడదీయడం సర్వేయర్లకు నేర్పాలి.

మొదటి మాట ఇలా ఉంటే బాగుంటుంది: "మేం ఈ ఆసుపత్రి వాళ్లం కాదండి. మీ పేరు రాసుకోం. కొంతమంది ఇక్కడ పని త్వరగా అయిందన్నారు, కొంతమంది ఆలస్యమైందన్నారు. మీకెలా జరిగిందో చెప్పండి చాలు." ఇతరులు ఆలస్యమైందని అనగలిగారంటే తాను కూడా అనొచ్చని మనిషికి ధైర్యం వస్తుంది. అయితే ఈ మాటలన్నీ నిజమై ఉండాలి. "పేరు రాసుకోం" అని చెప్పి ఫోన్ నంబరు అడగకండి.

3. "ఏకీభవిస్తున్నారా?" మానేయండి

ఎక్కువ సర్వేలు ఇలా ఉంటాయి: "సిబ్బంది మర్యాదగా మాట్లాడారు. పూర్తిగా ఏకీభవిస్తున్నాను / ఏకీభవిస్తున్నాను / తటస్థం / ఏకీభవించడం లేదు / అస్సలు ఏకీభవించడం లేదు." లికర్ట్ అనే మనస్తత్వవేత్త పేరుతో చలామణి అయ్యే మూస ఇది.

దీంట్లో రెండు ఇబ్బందులున్నాయి. వాక్యం ఏదైనా సరే "అవునండీ" అనే అలవాటు చాలామందికి ఉంటుంది. చదువు తక్కువైనవాళ్లలో, పెద్దల ముందు తలూపడం అలవాటైనవాళ్లలో ఇది ఎక్కువ. రెండోది, "ఏకీభవించడం" మన నోటి మాట కాదు. సర్వేయర్ దాన్ని అక్కడికక్కడే "కరెక్టేనా అమ్మా?" అని మార్చేస్తాడు. అలా అడిగితే కాదనేవాళ్లు ఎవరుంటారు?

అందుకే ఆ విషయాన్నే నేరుగా అడిగి, దానికి తగిన మెట్లు ఇవ్వండి.

- పాతది: "సిబ్బంది మర్యాదగా మాట్లాడారు. ఏకీభవిస్తారా?"
- కొత్తది: "సిబ్బంది మీతో మాట్లాడిన తీరు ఎలా ఉంది?" చాలా మర్యాదగా / మర్యాదగా / మామూలుగా / విసుగ్గా / కసురుకుంటూ

- పాతది: "నేను ఎక్కువసేపు వేచి ఉండాల్సి వచ్చింది. ఏకీభవిస్తారా?"
- కొత్తది: "చీటీ రాయించుకున్నాక డాక్టరును కలవడానికి ఎంతసేపు పట్టింది?" నిమిషాలు రాసుకోండి.

తలూపుడును పట్టుకోవడానికి కొందరు మధ్యమధ్య వాక్యాలు తిరగేస్తారు: "సిబ్బంది కసురుకోలేదు." దీనికి "ఏకీభవించను" అంటే కసురుకున్నారనా, కసురుకోలేదనా? తెలుగులో కాదు మీద కాదు పడితే చదువుకున్నవాళ్లు కూడా తడబడతారు. తిరగేసిన వాక్యాలతో ఒక తప్పు పోయి ఇంకోటి వస్తుంది. నా సర్వేల్లో వాటిని వాడను.

4. ఒక ప్రశ్నకు ఒకే సంగతి

"డాక్టరు, నర్సులు ఎలా చూశారు?" డాక్టరు బాగా చూసి నర్సు కసురుకుంటే ఏ మెట్టు ఎక్కాలి? ప్రశ్నలో "మరియు", "ఇంకా", కామా కనిపిస్తే అనుమానించండి.

మెట్లలో కూడా రెండు సంగతులు కలిసిపోతాయి. ఇది కంటికి అంత తేలిగ్గా కనపడదు. నా పాత ఫారంలో ఒకటుంది: "మందులు ఎలా వేసుకోవాలో ఎంతవరకు అర్థమైంది? పూర్తిగా / చాలావరకు / సగం సగం / కొద్దిగా / అసలు చెప్పలేదు." మొదటి నాలుగూ అర్థం కావడం గురించి, ఐదోది చెప్పడం గురించి. చెప్పినా ఏమీ అర్థం కాని ముసలాయన ఎక్కడ టిక్కు పెట్టాలి? సవరణ: ముందు "మందులు ఎలా వేసుకోవాలో ఎవరైనా చెప్పారా?" అని అడగాలి. అవునంటేనే "ఎంతవరకు అర్థమైంది?" అని అడిగి, చివరి మెట్టు "అసలు అర్థం కాలేదు" అని పెట్టాలి.

ముందే తీర్పు చెప్పే మాటలు తీసేయండి. "మెరుగుపరిచిన మా కొత్త ఓపీ విభాగం ఎలా ఉంది?" అన్నారంటే జవాబు మీరే చెప్పేశారు.

5. మెట్లు ఎన్ని?

సున్నా నుంచి ఎక్కువ వైపు మాత్రమే పోయే విషయాలకు (ఎంత అర్థమైంది, ఎంత నొప్పి) 5 చాలు. అటు చెడు, ఇటు మంచి ఉన్న విషయాలకు 5 గాని 7 గాని. చదివి వినిపించే సర్వేలో 7 పేర్లు ఎవరికీ గుర్తుండవు. అక్కడ రెండు అడుగుల్లో అడగండి: "బాగుందా, బాగోలేదా, రెండూ కాదా?" తర్వాత "చాలానా, కొంచెమేనా?" మొదటి ప్రశ్నలో రెండు వైపులూ ఒకే ఊపిరిలో రావాలి. "బాగుందా?" అని మాత్రమే అడిగితే మళ్లీ కూర కథే.

నడిమి మెట్టు ఉంచాలా, తీసేయాలా? తీసేస్తే జనం తేల్చి చెబుతారని వాదన ఉంది. మొహమాటం ఉన్నచోట అలా జరగదు. నడుమ నిలబడాలనుకున్న మనిషి మంచి వైపే జరుగుతాడు. నేను ఉంచుతాను.

రెండు వైపులా మెట్లు సమానంగా ఉండాలి. "అద్భుతం, చాలా బాగుంది, బాగుంది, పర్వాలేదు, బాగోలేదు" అనే స్కేల్లో నాలుగు మెట్లు మంచి వైపు, ఒక్కటి చెడు వైపు. జవాబులన్నీ ఎలాగూ పైనే మూగుతాయని తెలిసినప్పుడు, పైవాళ్లలో తేడా పట్టుకోవడానికి కావాలని ఇలా చేసేవాళ్లున్నారు. అది తప్పేం కాదు. కానీ ఆ స్కేలు వాడి "ఎక్కువమంది బాగుందన్నారు" అని రిపోర్టు రాస్తే అది మోసం.

6. మెట్లకు పేర్లు పెట్టడం

అనువాదంలో స్కేళ్లు ఎక్కువగా చెడిపోయేది ఇక్కడే. కాబట్టి ఇక్కడ కొంచెం ఎక్కువసేపు ఆగుదాం.

"బాగుంది", "బాగానే ఉంది" ఒకటి కాదు. కొత్త అల్లుడి గురించి "బాగానే ఉన్నాడు" అంటే ఏదో వెలితి ఉన్నట్టే. ఆ "నే" పడగానే మాట ఒక మెట్టు దిగుతుంది. కానీ కాగితం మీద చదివినప్పుడు చాలామంది ఆ తేడా గమనించరు, చెవికే తెలుస్తుంది. కాబట్టి ఒకే స్కేల్లో ఈ రెండూ పెట్టకండి.

"పర్వాలేదు" ఇంకా ప్రమాదం. నడిమి మెట్టుకు చాలామంది దీన్నే వాడతారు. నిజానికి అది నడుమ ఉండదు. "భోజనం ఎలా ఉంది?" "పర్వాలేదు." ఆశ పెట్టుకోకుండా వెళ్లినవాడు అంటే మెచ్చుకోలు, ఆశపడి వెళ్లినవాడు అంటే పెదవి విరుపు. పైగా మొహమాటస్తులు చెడును దాచేది ఈ మాట వెనకే. మీ సర్వేలో "పర్వాలేదు"కు ఎక్కువ టిక్కులు పడితే, వాటిలో ఎన్ని అసలు "బాగోలేదు" అన్న జవాబులో తేల్చుకోలేరు.

"తటస్థం" ప్రభుత్వ ఫారాల మాట. పల్లెలో చదివి వినిపిస్తే సర్వేయర్ మొహం వంక చూస్తారు. "బాగుందనీ కాదు, బాగోలేదనీ కాదు" పొడుగ్గా ఉన్నా పని చేస్తుంది. "ఒక మోస్తరు" పెద్దవాళ్లకు బాగా అర్థమవుతుంది. పట్నం పిల్లలు దానికంటే "యావరేజ్" త్వరగా పట్టుకుంటారు.

"సంతృప్తి" కూడా అంతే. "సేవలతో సంతృప్తిగా ఉన్నారా?" అంటే ఒక పెద్దావిడ "ఉన్నదాంతో తృప్తి పడాలి కదా నాయనా" అంది. ఆవిడ తన జీవితం గురించి చెప్పింది, సర్వేయర్ దాన్ని ఆసుపత్రి ఖాతాలో 4 అని రాసుకున్నాడు.

ప్రాంతం కూడా చూసుకోవాలి. తెలంగాణ పల్లెల్లో "మంచిగుంది, మంచిగ లేదు" అంటే పలికే జవాబు, "బాగోలేదు" అంటే పుస్తకంలోంచి తీసినట్టుంటుంది. రెండు రాష్ట్రాల్లో చేస్తుంటే పేర్లు రెండు రకాలుగా రాసి, రెండింటినీ విడిగా పరీక్షించండి.

పరీక్ష చాలా తేలిక, నేను ప్రతిసారీ చేస్తాను:

1. పనికొస్తాయనుకున్న మాటలన్నీ (పది, పన్నెండు) విడివిడి చీటీల మీద రాయండి.
2. సర్వేతో సంబంధం లేని పదిమందిని, ఒక్కొక్కరిని విడిగా, చెడు నుంచి మంచికి వరసలో పెట్టమనండి. చదవలేనివాళ్లకు వినిపించి, వాళ్లు చూపినచోట మీరే పెట్టండి.
3. తర్వాత నేల మీద బారెడు దారం పరిచి, "ఈ కొస బొత్తిగా చెడ్డది, ఆ కొస అన్నిటికంటే మంచిది. ఏ మాట ఎక్కడ?" అని అడగండి.
4. ఒకరు ఒకచోట, ఇంకొకరు ఇంకోచోట పెట్టిన చీటీ తీసేయండి. మొదటిసారి చేసినప్పుడు "పర్వాలేదు" దారమంతా తిరిగింది.
5. మిగిలినవాటిలోంచి దారం మీద ఇంచుమించు సమాన దూరంలో నిలిచిన ఐదు ఎంచుకోండి.

నాకు ఎక్కువసార్లు నిలిచిన స్కేలు: చాలా బాగుంది / బాగుంది / బాగుందనీ కాదు, బాగోలేదనీ కాదు / బాగోలేదు / అసలు బాగోలేదు. కొత్తదనం ఏమీ లేదు, అయినా ఎక్కడా జారదు.

ప్రతి మెట్టుకూ పేరు ఉండాలి. రెండు కొసలకే పేర్లు పెట్టి మధ్య మెట్లకు అంకెలు వదిలేస్తే ఒక్కొక్కరు ఒక్కో అర్థం తీసుకుంటారు. గూగుల్ ఫారంలో లీనియర్ స్కేలు అలాంటిదే, కొసలకు తప్ప పేర్లు పెట్టనివ్వదు. దాని బదులు మామూలు మల్టిపుల్ చాయిస్ వాడి ఐదు పేర్లూ రాయండి.

7. అంకెలు, నక్షత్రాలు, ముఖాలు

10కి ఎంత అని అడగగానే మనకు బడి మార్కులు గుర్తొస్తాయి. నూటికి 35 వస్తే పాస్ అని పెరిగినవాడికి 4 అంటే గట్టెక్కినట్టు. ర్యాంకుల పోటీలో నలిగినవాడికి 8 కూడా తక్కువే. 10 ఇవ్వడం వృథా అనుకునే మాస్టార్లు కూడా ఉన్నారు. వీళ్లందరి అంకెలనూ కలిపి సగటు తీస్తాం.

అంకెల గుర్తులు కూడా జవాబును లాగుతాయి. సర్వే జవాబులపై పరిశోధించిన మనస్తత్వవేత్త నోర్బర్ట్ ష్వార్జ్ బృందం జర్మనీలో చేసి 1991లో ప్రచురించిన పరీక్షలో "జీవితంలో ఎంత విజయం సాధించారు?" అన్న ప్రశ్నకు పదకొండు మెట్లు ఇచ్చారు. 0 నుంచి 10 వరకు అంకెలు వేసినప్పుడు కింది సగంలో, అంటే 0 నుంచి 5 వరకు, టిక్కు పెట్టినవాళ్లు 34 శాతం. అవే మెట్లకు -5 నుంచి +5 వరకు అంకెలు వేస్తే కింది సగంలోకి వచ్చినవాళ్లు 13 శాతం. రెండు కొసల పేర్లూ మారలేదు. 0 అంటే విజయం లేకపోవడం, -5 అంటే ఓటమి అని జనం చదువుకున్నారు. కాబట్టి మైనస్ అంకెలు వాడకండి. కుదిరితే ఫారం మీద అంకెలే వేయకండి. జవాబులను లెక్కలోకి ఎక్కించేటప్పుడు మీరు వేసుకోవచ్చు.

నక్షత్రాలు యాప్‌లలో 5 కొట్టడానికి అలవాటుపడ్డ వేళ్లను నేరుగా 5 మీదికే తీసుకెళ్తాయి.

చదవలేనివాళ్లకు ముఖాల బొమ్మలు వాడేవాళ్లున్నారు. ఏడుపు ముఖం మీద వేలు పెట్టడం మాత్రం పెద్దవాళ్లకు అపశకునంలా ఉంటుంది. నేను నిచ్చెన బొమ్మ వాడతాను. 1965లో హాడ్లీ కాంట్రిల్ అనే మనస్తత్వవేత్త ప్రచురించిన నిచ్చెన పద్ధతిని గాలప్ అనే సర్వే సంస్థ తన ప్రపంచ సర్వేలో ఇప్పటికీ వాడుతోంది. అందులో మెట్లు 0 నుంచి 10. ఓపీ సర్వేకు ఐదు మెట్ల నిచ్చెన గీసి, రెండు కొసలనూ మాటల్లో చెప్పి, "మీరు చూసింది ఏ మెట్టు?" అంటే వేలితో చూపిస్తారు. నోటితో చెడు మాట అనాల్సిన అవసరం లేకపోవడం కూడా కలిసొస్తుంది.

స్లైడరు (తెర మీద గీత వెంట గుండును జరిపే స్కేలు) వాడితే గుండు ముందే మధ్యలో కనపడకూడదు. దాన్ని కదపడానికి బద్ధకించినవాళ్లంతా మీ లెక్కలో మధ్యస్థులైపోతారు.

8. ఎన్నిసార్లు, ఎంతసేపు

వీటికి మెట్లు వద్దు, అంకె రాయించుకోండి. గడులు ఇస్తే వాటి మధ్య గడి "అందరూ చేసేది" అనిపిస్తుంది. ష్వార్జ్ బృందానిదే 1985 నాటి పరీక్ష ఉంది. టీవీ రోజుకు ఎంతసేపు చూస్తారని అడిగారు. అరగంట నుంచి మొదలై "రెండున్నర గంటల పైన" దగ్గర ముగిసే గడులు ఇస్తే, రెండున్నర గంటలు దాటి చూస్తామన్నవాళ్లు 16.2 శాతం. రెండున్నర గంటల దగ్గరే మొదలయ్యే గడులు ఇస్తే 37.5 శాతం.

"తరచుగా, అప్పుడప్పుడు" కూడా వద్దు. బీపీ మాత్ర "అప్పుడప్పుడు మానేస్తాను" అంటే వారానికోసారా, పండక్కోసారా? "పోయిన ఏడు రోజుల్లో ఎన్ని రోజులు వేసుకోలేదు?" అని అడగండి.

9. "తెలియదు" వేరు, "నాకు జరగలేదు" వేరు

ఈ రెండూ స్కేలు బయట విడిగా ఉండాలి. రక్తపరీక్ష చేయించుకోనివాడిని ల్యాబు ఎలా ఉందంటే మర్యాద కోసం "బాగుంది" అంటాడు. "తెలియదు" గడి కాగితం మీద ఉండాలి గానీ, సర్వేయర్ దాన్ని చదివి వినిపించక్కర్లేదు. వినిపిస్తే సగంమంది అందులోకి దూరిపోతారు.

10. వరస

కాగితం మీద, తెర మీద మొదట కనిపించినవాటికి ఓట్లు ఎక్కువ. చదివి వినిపిస్తే చివర విన్నవాటికి ఎక్కువ. సగం ఫారాల్లో మంచి నుంచి చెడుకు, మిగతా సగంలో చెడు నుంచి మంచికి అచ్చు వేయించండి. ఒకే మనిషి ఫారంలో మాత్రం మధ్యలో దిశ మార్చకండి. గూగుల్ ఫారంలో ఆప్షన్లు కలిపేసే సెట్టింగు వాడితే మెట్ల వరస చెల్లాచెదురవుతుంది. దాని బదులు రెండు ఫారాలు చేసి సగం మందికి ఒకటి, సగం మందికి ఇంకోటి పంపండి.

ప్రశ్నల వరస: ముందు మొత్తం మీద ఎలా ఉందని అడగాలి, తర్వాత విడివిడి సంగతులు. మందులు దొరకలేదని ఇప్పుడే చెప్పిన మనిషి ఆ చిరాకుతోనే మొత్తానికి మార్కులు వేస్తాడు. మొత్తం ప్రశ్నకూ, విడి ప్రశ్నలకూ మధ్య నేను ఒకటి దూరుస్తాను: "ఇక్కడ ఒక్కటే మార్చగలిగితే ఏం మార్చాలి?" ఇది ఫిర్యాదు అడిగినట్టుండదు, సలహా అడిగినట్టుంటుంది. సలహా ఇవ్వడానికి మనవాళ్లు వెనకాడరు. నోరు తెరుచుకున్నాక వచ్చే విడి రేటింగుల్లో నిజం ఎక్కువ.

ఎనిమిది ప్రశ్నలను ఒకే పట్టికలో గడులుగా పెడితే ఒకే నిలువు గీతలో టిక్కులు పడతాయి. చిన్న ఫోన్లలో కుడివైపు గడులు తెర బయటికి పోతాయి కూడా. ఒక్కో ప్రశ్న విడిగా పెట్టండి.

11. నోరు తెరవడం కష్టమైన ప్రశ్నలు

"ఎవరైనా డబ్బులు అడిగారా?" లాంటివి మనిషికి మనిషి ఎదురుగా అడిగితే నిజం రాదు. చదవగలిగినవాళ్లకైతే చీటీ ఇచ్చి, నింపి మడిచి పెట్టెలో వేయమనండి. పెట్టెలో ముందే కొన్ని చీటీలు ఉంటే ఇంకా ధైర్యం. అవి ఖాళీవై ఉండాలి, లెక్కలోకి రాకూడదు.

పెద్ద సర్వే అయితే బొమ్మా బొరుసు పద్ధతి ఉంది. జవాబిచ్చేవారే నాణెం ఎగరేస్తారు, మీరు చూడరు. బొమ్మ పడితే ఏమైనా సరే "అవును" అనాలి, బొరుసు పడితే నిజం చెప్పాలి. 200 మందిలో 120 మంది "అవును" అన్నారనుకుందాం. బొమ్మ వల్ల వచ్చినవి సుమారు 100. మిగిలిన 20, బొరుసు పడ్డ 100 మందిలోవి. అంటే 20 శాతం. ఏ ఒక్కరి సంగతీ మీకు తెలియదు, మొత్తం మాత్రం తెలుస్తుంది. యాభై మంది సర్వేలో దీన్ని వాడకండి, అంత తక్కువమందిలో బొమ్మా బొరుసూ సగం సగం పడతాయన్న నమ్మకం లేదు. బొమ్మ పడ్డా "అవును" అనడానికి భయపడేవాళ్లుంటారు, కాబట్టి ముందు ఒక ఉత్త ప్రశ్నతో ఆడించి అలవాటు చేయండి.

12. పదిమందితో పరీక్ష

ఆఫీసులో కూర్చుని చదువుకుంటే అన్నీ బాగానే కనిపిస్తాయి. అసలు జనంలోంచి పదిమందిని తీసుకుని, జవాబు చెప్పాక అడగండి: "ఈ ప్రశ్న మీ మాటల్లో చెప్పండి." "ఈ మెట్టే ఎందుకు చూపారు?" "ఎలా ఉంటే దీనికంటే ఒక మెట్టు కింద చూపేవారు?" ఈ మూడోదానికి జవాబు దొరక్కపోతే మీ మెట్ల మధ్య తేడా వాళ్లకు కనపడటం లేదన్నమాట.

ఆ పదిమందీ ఒకే మెట్టు దగ్గర ఆగితే ప్రశ్న మార్చండి. సర్వేయర్ చదువుతున్నప్పుడు పక్కన నిలబడి వినండి. కాగితంలో లేని "కదా", "బానే ఉంది కదమ్మా" లాంటివి దొర్లితే ఆ వాక్యం నోటికి తిరగడం లేదని అర్థం. అప్పుడు వాక్యాన్నే మార్చాలి.

తరచూ ఎదురయ్యే ఇబ్బందులు, సవరణలు:

- అన్నీ 5లే వస్తున్నాయి: అడిగే మనిషిని, చోటును ముందు మార్చండి. మెట్ల సంగతి తర్వాత.
- అన్నీ నడుమే ఆగుతున్నాయి: ప్రశ్న మరీ స్థూలంగా ఉండొచ్చు. "సేవలు" బదులు "నిన్న మీకు సూదిమందు వేసినప్పుడు" అనండి.
- ప్రశ్నలు వదిలేస్తున్నారు: "నాకు జరగలేదు" గడి ఉందో లేదో చూడండి.
- రెండు ఊళ్లకు రెండు రకాల ఫలితాలు: సర్వేయర్లు వేరువేరా అని చూడండి.

ప్రింటుకు ఇచ్చేముందు:

☐ ప్రతి ప్రశ్నకూ ఒకే సంగతి, మెట్లన్నీ ఆ సంగతి గురించే
☐ "ఏకీభవిస్తారా" ఎక్కడా లేదు
☐ ప్రతి మెట్టుకూ పేరు, చీటీల పరీక్షలో నిలిచింది
☐ మంచి వైపు, చెడు వైపు మెట్లు సమానం
☐ మైనస్ అంకెలు, ముందే టిక్కు పెట్టిన గడులు లేవు
☐ రెండు దిశల్లో ఫారాలు, ఏది ఏదో తెలిసేలా మూలన గుర్తు
☐ సేవ చేసినవాళ్లెవరూ సర్వేయర్లుగా లేరు

13. జవాబులు వచ్చాక

మొదటి రోజు సాయంత్రమే ఫారాలు తిరగేయండి. వారం ఆగితే సరిదిద్దే అవకాశం పోతుంది. సర్వేయర్ల వారీగా విడదీసి చూడండి. మిగతావాళ్ల దగ్గర జవాబులు చెదిరి ఉండి, ఒక్కరి దగ్గరే అన్నీ 5లు ఉంటే మర్నాడు ఆ మనిషి వెంట వెళ్లండి. తిట్టడానికి కాదు, ఎలా అడుగుతున్నారో వినడానికి.

నిలువునా ఒకే గీతలో టిక్కులున్న ఫారాలను లెక్కపెట్టండి, కానీ చూడగానే పారేయకండి. నిజంగానే అన్నీ బాగున్నాయన్నవాళ్లుంటారు. "ఒక్కటి మార్చగలిగితే" ప్రశ్నకు ఏం రాశారో చూస్తే తెలిసిపోతుంది. రెండు దిశల ఫారాల ఫలితాలను పక్కపక్కన పెట్టండి. తేడా ఎక్కువగా ఉంటే వరస జవాబును లాగుతోందన్నమాట. ఆ తేడాను రిపోర్టులో రాయండి, దాచకండి.

సగటు ఒక్కటే ఇవ్వకండి. సగం మంది 5, సగం మంది 1 ఇచ్చినా సగటు 3, అందరూ 3 ఇచ్చినా 3. ఏ మెట్టు మీద ఎంతమంది ఉన్నారో మొత్తం చూపించండి. మా ఓపీ సర్వేలో అడిగే మనుషులను మార్చాక చెడు వైపు టిక్కులు ఎక్కువ పడ్డది డాక్టరు మీద కాదు, చీటీలు రాసే కిటికీ దగ్గర. ఆరోగ్య కార్యకర్త అడిగిన మొదటి కట్టలో ఆ కిటికీకి కూడా అందరూ 5లే ఇచ్చారు.